ఆర్లాండోలో ఒక్కరోజే ఉంటే ఏ సినిమా ల్యాండ్‌కి వెళ్లాలి?

వేసవి వస్తోందంటే మా అట్లాంటా చుట్టుపక్కల తెలుగిళ్లలో ఒకటే చర్చ. ఊరి నుంచి అమ్మానాన్నలు దిగుతారు, పిల్లలకి బడి ఉండదు, ఫ్లోరిడాలో డిస్నీ, యూనివర్సల్ కంపెనీల వినోద పార్కులున్న ఆర్లాండో కారులో ఏడు గంటల దూరం. వెళ్దామా అంటే ఎవరూ కాదనరు. ఎక్కడికి అనేసరికి ఇంట్లో నాలుగు పార్టీలు లేస్తాయి.

2025 జూన్‌లో మా ఇంట్లో లేచిన పార్టీలు ఇవీ. బావది స్టార్ వార్స్ పార్టీ. పెళ్లిచూపులకి కూడా ఆ బొమ్మ ఉన్న వాచీ పెట్టుకొచ్చిన మనిషి. పన్నెండేళ్ల మేనకోడలిది హ్యారీ పోటర్. ఆరేళ్ల మేనల్లుడికి డ్రాగన్ ఏదైనా ఫరవాలేదు, ఎగరాలి అంతే. అక్క మాత్రం "నీడ ఎక్కడుంటే అక్కడికి" అంది. అమ్మని అడిగితే "మీరెక్కడికంటే అక్కడికే, నాకేం తెలుసురా ఆ సినిమాలు" అంది.

ఎవరి మాటా తీసెయ్యలేక నాలుగు రోజులు, అయిదు పార్కులు తిరిగాం. తర్వాత వచ్చిన క్రెడిట్ కార్డు బిల్లు గురించి ఇప్పటికీ ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడం. మీకా అవస్థ అక్కర్లేదు. ఒక్కరోజు టికెట్టుకే డబ్బు పెట్టేవాళ్లు, ఇంట్లో ఎవరున్నారో చూసుకుని ఎటు వెళ్లాలో చెబుతాను. నా పక్షపాతాలు నాకున్నాయి, దాచుకోను.

అభిమానుల గొడవ దేని గురించి

సినిమా బొమ్మ అతికించిన ఒక రైడ్ వేరు, ల్యాండ్ వేరు. ల్యాండ్ అంటే ఎకరాలకి ఎకరాలు ఆ సినిమా ఊరినే కట్టెయ్యడం. కొట్లు, తిండి, మరుగుదొడ్ల తలుపులు, నేల మీద పగుళ్లు, చివరికి అమ్మేవాళ్లు పలకరించే తీరు కూడా ఆ కథలోదే. 2010 జూన్ 18న యూనివర్సల్ వాళ్లు హ్యారీ పోటర్ ఊరు హాగ్స్‌మీడ్ తెరిచారు. అది చూశాక చాలామంది అదే బాట పట్టారు.

అప్పటి నుంచి కొత్త ల్యాండ్ ఏది ప్రకటించినా అభిమానులు రెండుగా చీలుతున్నారు. ఈ సినిమాకి అంత స్థాయి ఉందా అనేది ఒక వాదన. దీనికోసం పాతదాన్ని ఎందుకు కూల్చాలి అనేది రెండోది. డిస్నీ 2011 సెప్టెంబరులో అవతార్ ల్యాండ్ కడతామన్నప్పుడు ఎంత నవ్వారో నాకు గుర్తుంది. వసూళ్లలో అప్పటికి అదే ప్రపంచంలో మొదటిది. అయినా "ఆ సినిమాలో ఒక్క పాత్ర పేరు చెప్పండి చూద్దాం" అనేవాళ్లు. పైగా అప్పటికి ఆ సినిమా డిస్నీది కూడా కాదు, ఫాక్స్ వాళ్లది. ఫాక్స్ డిస్నీ చేతికొచ్చింది 2019లో.

ఈ వాదనలో నేనూ చాలాకాలం గట్టిగానే కొట్టుకున్నాను. అమ్మతో తిరిగాక నా కొలత మారిపోయింది. సినిమా చూడని మనిషిని ఆ ఊళ్లో నిలబెడితే ఆ మనిషికి ఏం దక్కుతుంది అన్నదే ఇప్పుడు నా పరీక్ష. అభిమానికి తలుపు మీద పేరు చూసినా ఒళ్లు పులకరిస్తుంది, కాబట్టి అతని మాట సాక్ష్యానికి పనికిరాదు. మా అమ్మ మాట పనికొస్తుంది.

ఆవిడకి ఇందులో కాస్త అనుభవం కూడా ఉంది. రామోజీ ఫిల్మ్ సిటీలో బాహుబలి సెట్టు చూడ్డానికి వెళ్లినప్పుడు, అందరూ ఫొటోలు తీసుకుంటుంటే అమ్మ వెళ్లి ఒక స్తంభాన్ని వేలి కణుపుతో తట్టింది. డొల్లగా మోగింది. "అయ్యో, ఇంతేనా" అంది. సెట్టు కెమెరా కంటికోసం కడతారు, చట్రంలోకి రానిది వాళ్లకి అక్కర్లేదు. ల్యాండ్‌ని మనిషి చేతికీ కాలికీ, ఫ్లోరిడా వానలకీ తుపానులకీ తట్టుకునేలా కట్టాలి. ఆర్లాండోలో నాలుగు రోజులూ అమ్మ కనబడిన ప్రతి గోడనీ తట్టి చూసింది.

పండోరా: ఎవరూ గుర్తుపెట్టుకోని సినిమా, అందరూ గుర్తుపెట్టుకునే చోటు

ఇదే ఆ అవతార్ ల్యాండ్. డిస్నీ యానిమల్ కింగ్‌డమ్ పార్కులో ఉంది, 2017 మే 27న తెరిచారు, 12 ఎకరాలు. కొండలు గాల్లో తేలుతున్నట్టు ఉంటాయి. అసలు మోత మోసేది లోపలి ఉక్కు, దాన్ని తీగలతో, వేళ్లతో కప్పేశారు. కింద నిలబడి ఆ ఉక్కు ఎటు వెళ్లిందో వెతికాను, సగంలోనే తప్పిపోయాను.

ఇక్కడి తెలివి ఏంటంటే సినిమా కథని మనకి చెప్పరు. హీరో లేడు, విలన్ లేడు. సినిమాలోని గొడవలు సద్దుమణిగిన తర్వాత ఆ లోకానికి మనం యాత్రికులుగా వచ్చామని లెక్క. అందుకే అమ్మకి ఏదీ వివరించాల్సిన పని పడలేదు. చెట్టు చెట్టే, నీళ్లు నీళ్లే.

రెండే రైడ్లు. నావీ రివర్ జర్నీ పడవ ప్రయాణం, ఎత్తు నిబంధన లేదు, కుదుపు లేదు, నాలుగైదు నిమిషాలు. చీకట్లో వెలిగే అడవి, చివర్లో పాడుతూ చేతులు ఊపే నీలం రంగు పూజారిణి. బొమ్మేనని తెలిసినా ఆ ముంజేయి కదలిక చూస్తే నమ్మబుద్ధి కాదు. అమ్మ పడవలోనే దణ్ణం పెట్టింది. "ఎవరో ఏమో, నీలంగా ఉంది కదా" అంది. అభిమానులు ఈ పడవ రైడ్‌ని చప్పగా ఉందని తీసిపారేస్తారు. గంటన్నర లైనులో నిలబడితే నేనూ అదే అంటాను. అరగంటలోపు ఉంటే మాత్రం పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు ఇంతకన్నా మంచిది లేదు.

రెండోది ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్. మోటారుసైకిల్ మీద కూర్చున్నట్టు ముందుకి వంగి కూర్చుంటాం, అదే మనం ఎక్కిన ఎగిరే జంతువు. కాళ్ల మధ్య దాని పక్కటెముకలు ఊపిరి పీల్చినట్టు పొంగి తగ్గుతుంటాయి. నేను ఎక్కిన సినిమా రైడ్లలో దీన్ని మించింది లేదు, పోటర్ పార్టీవాళ్లు ఏమనుకున్నా సరే. తల తిరిగేవాళ్లు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి. 44 అంగుళాల ఎత్తు కావాలి. మా మేనల్లుడు ఇంట్లో కొలిస్తే 43న్నర. "బూట్లతో సరిపోతుందిలే" అని బావ ధైర్యం చెప్పి తీసుకెళ్లాడు. అక్కడ కర్ర కింద నిలబెట్టారు, కర్రకీ జుట్టుకీ మధ్య సందు ఉండిపోయింది. వాడు ఏడవలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. మీ పిల్లల్ని ఇంట్లోనే గోడకి ఆనించి కొలవండి, కర్ర దగ్గర కాదు.

తిండి విషయంలో నాలుగింటిలో ఇదే మేలు. సతూలీ క్యాంటీన్‌లో అన్నం మీద కూరలు వేసి గిన్నెల్లో ఇస్తారు, టోఫూతో కూడా ఉంది. అన్నం కనిపించగానే అమ్మ ముఖం మారింది. డిస్నీ పార్కుల్లోకి ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి రానిస్తారు. గాజు సీసాలూ, వేడి చెయ్యాల్సినవీ కాకపోతే చాలు. మా పులిహోర డబ్బా భద్రత బల్ల దగ్గర తెరిచి చూపించాం, అక్కడి మనిషి తల ఊపి పంపేశాడు.

ఇప్పుడు అసలు మెలిక. పండోరాని చూడాల్సింది చీకట్లో. మొక్కలు, నేల, రాళ్ల సందుల్లో నీళ్లు, అన్నీ వెలుగుతాయి. ఒక డిసెంబరులో నేను చూశాను కాబట్టి దారి పొడుగునా అమ్మకి అదే ఊదరగొట్టాను. కానీ యానిమల్ కింగ్‌డమ్ మిగతా డిస్నీ పార్కుల కన్నా పెందలాడే మూసేస్తారు, జూన్‌లో ఆర్లాండోలో పొద్దు గుంకేది ఎనిమిది దాటాక. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలన్న ఇంగితం నాకు లేకపోయింది. ఎండలోనే బయటికొచ్చేశాం. చలికాలంలో అయితే అయిదున్నరకే చీకటి పడుతుంది. మీ తేదీకి పార్కు మూసే వేళ ఎంతో, పొద్దు గుంకేది ఎప్పుడో చూసుకుని మరీ టికెట్ తీసుకోండి.

గెలాక్సీస్ ఎడ్జ్: బావ ఏడ్చిన చోటు

ఇది స్టార్ వార్స్ ల్యాండ్, డిస్నీ హాలీవుడ్ స్టూడియోస్ పార్కులో 14 ఎకరాలు. కాలిఫోర్నియాలో ఇలాంటిదే 2019 మే 31న, ఫ్లోరిడాలో ఇది అదే ఏడాది ఆగస్టు 29న తెరిచారు. మిలీనియం ఫాల్కన్ అనే అంతరిక్ష ఓడ నిజం కొలతలతో ఎదురుగా నిలబడి ఉంటుంది. బావ మూల తిరగగానే అది కనబడి ఆగిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏంటండీ, దుమ్ము పడిందా" అని అడిగింది అక్క. నలభై రెండేళ్ల మనిషి, ఏం చెబుతాడు పాపం.

పక్కనే అమ్మ నిలబడి "బస్టాండులా ఉందేంటిరా" అంది. ఇద్దరి మాటా నిజమే. అది అంతరిక్షంలో ఒక మూల ఉన్న పాత రేవు పట్నం. రంగు వెలిసిన గోడలు, తుప్పు, తీగలు, మట్టి రంగు. నేల మీద రోబో చక్రాల గుర్తులు కూడా అచ్చేశారు. కథ తెలిసినవాడికి ప్రతి మరకా ఒక కథ, తెలియనివాడికి మరక మరకే. అమ్మ తట్టిన గోడ మాత్రం ఇక్కడ గట్టిగానే మోగింది.

తెరిచిన నాటి నుంచీ అభిమానుల ఫిర్యాదు ఒకటుంది. బాతూ అనే ఈ ఊరు ఏ సినిమాలోనూ కనిపించదు, కొత్తగా కల్పించారు. కాలం కూడా కొత్త సినిమాల కాలం. దాంతో చిన్నప్పటి నుంచి ప్రేమించిన డార్త్ వేడర్, ల్యూక్ ఇక్కడ ఉండరు. ఊరు ఒక్క క్షణంలో గడ్డకట్టుకుపోయి ఉండాలన్న పట్టుదల అది. ఆ పట్టుదల డిస్నీకే భారమైంది. కాలిఫోర్నియాలోని ల్యాండ్‌లో కాలాన్ని వెనక్కి జరిపి 2026 ఏప్రిల్ 29 నుంచి వేడర్, ల్యూక్, లేయా, హాన్ సోలోలని తిప్పుతామని ప్రకటించారు. ఆ మార్పు ఫ్లోరిడాకి కాదు. బావ లాంటివాళ్లు వేడర్ కోసమే వెళ్లాలనుకుంటే దారి ఆర్లాండో వైపు కాదు, ఆ ల్యాండ్ ఉన్న ఆనహైమ్ వైపు.

రైడ్ సంగతికొస్తే రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్ ఒక్కదాని కోసం వెళ్లొచ్చు. అన్నీ కలిపి పద్దెనిమిది నిమిషాల దాకా నడిచే నాటకం అది. ఓడ ఎక్కిస్తారు, పట్టుబడతాం, తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా పెద్ద హాల్లో యాభైమంది తెల్ల కవచాల సైనికులు బారులు తీరి ఉంటారు. అమ్మకి కథ తెలియకపోయినా పట్టుబడ్డామని తెలిసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్కడి నుంచి పట్టాలు లేకుండా తిరిగే బళ్లలో తప్పించుకు పారిపోవడం. 40 అంగుళాలు చాలు కాబట్టి మేనల్లుడూ ఎక్కాడు. ఫాల్కన్ ఓడ నడిపే రైడ్‌కి 38 అంగుళాలు చాలు. ఆరుగురు కూర్చుంటారు, ఇద్దరు నడుపుతారు, ఇద్దరు తుపాకులు చూస్తారు, ఇద్దరు మరమ్మతులు. పిల్లవాడికి నడిపే సీటు ఇచ్చారంటే ఓడ ఎన్ని కొండల్ని గుద్దుకుంటుందో లెక్కుండదు. మాదీ అంతే.

నీలం పాలు అమ్ముతారు, సినిమాలో తాగేవి. అమ్మ ఒక గుటక వేసి "కొబ్బరి వాసనొస్తోంది కదరా, రంగు కలిపారు" అంది. నిజంగానే కొబ్బరిపాలూ బియ్యప్పాలే వాటికి మూలం, పశువుల పాలు ఉండవు. లైట్‌సేబర్ కత్తిని మనమే బిగించుకునే కొట్టు కూడా ఉంది, అటూ ఇటూగా 250 డాలర్లు. బావ కొన్నాడు. అక్క ధర అడిగితే యాభై తగ్గించి చెప్పాడు.

హ్యారీ పోటర్: రెండు ఊళ్లు, మధ్యలో రైలు

ఆర్లాండో యూనివర్సల్‌లో పోటర్ ల్యాండ్‌లు ఇప్పుడు మూడు. 2010 నాటి హాగ్స్‌మీడ్ ఒక పార్కులో, 2014 జూలై 8న తెరిచిన డయాగన్ ఆలీ అనే మంత్రగాళ్ల బజారు వీధి దాని పక్క పార్కులో, 2025లో వచ్చిన మూడోది ఎపిక్ యూనివర్స్ అనే వేరే పార్కులో. ఈ చిక్కుముడి తెలియకుండా టికెట్ కొంటే నష్టపోతారు. నేను పోయాను. ఒక్క పార్కు టికెట్లు కొని చక్కా వెళ్లాను. హాగ్వార్ట్స్ ఎక్స్‌ప్రెస్ రైలు రెండు పార్కుల మధ్య తిరుగుతుంది, దాన్ని ఎక్కాలంటే రెండింటికీ చెల్లే టికెట్ ఉండాలి. మేనకోడలు స్టేషను గుమ్మం దగ్గర "మామయ్యా, నీకు ఇంత కూడా తెలియదా" అన్న చూపు చూసింది. కౌంటరుకి పోయి తేడా కట్టి మార్పించుకున్నాను. ఎక్కాక తెలిసింది, అది డబ్బుకి తగినదే. వెళ్లేటప్పుడు కిటికీలోంచి ఒక కథ, వచ్చేటప్పుడు ఇంకో కథ కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కూర్చుని అవతలి పార్కుకి చేరడం ఒక వరం.

డయాగన్ ఆలీకి ముఖద్వారం లేదు, బోర్డు లేదు. బయట లండన్ వీధిలాంటి ఇళ్ల వరుస మాత్రం ఉంటుంది. ఒక కిటికీ పరదా పక్కకి జరిగి ముసలి ముఖం ఒకటి తొంగిచూసి మాయమవుతుంది. ఆ వరుసలో ఒక చోట ఇటుకల గోడలో సందు. అందులోంచి నాలుగడుగులు వేస్తే చాలు, వీధి మొత్తం ఒక్కసారిగా ముందుకొస్తుంది, వంకరపోయిన కొట్లతో సహా. బ్యాంకు భవనం నెత్తిమీద తెల్ల డ్రాగన్. పది పదిహేను నిమిషాలకోసారి అది గుర్రుమని నిప్పు ఊదుతుంది. బొమ్మ నిప్పు కాదు, సెగ ముఖానికి తగులుతుంది. అమ్మ కొంగు తలమీదకి లాక్కుని, మళ్లీ ఎప్పుడు ఊదుతుందా అని అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది. మొత్తం మూడుసార్లు చూసింది. ఆ మధ్యలో వెనకాల గోడని తట్టింది కూడా. "ఇది ఇల్లేరా" అని తీర్పు చెప్పింది.

అందుకే నా పరీక్షలో పండోరా పక్కన నిలబడగలిగేది ఇదొక్కటే. దారి సన్నగా, ఎత్తుగా, మలుపులతో ఉంటుంది కాబట్టి నీడ దొరుకుతుంది. లోపల కార్కిట్ మార్కెట్ అనే వీధికి పైకప్పు ఉంది. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడుతుంది, పిడుగుల భయంతో ఆరుబయటి రైడ్లు ఆపేస్తారు. అప్పుడు ఈ కప్పు కింద ఐస్‌క్రీమ్ తింటూ గంటసేపు గడిపాం. నాలుగు రోజుల్లో అక్క నోరారా మెచ్చుకున్న గంట అదొక్కటే.

హాగ్స్‌మీడ్ మంచు కప్పిన ఊరు. జూన్ ఎండలో ఆ మంచుని చూస్తే ఎగతాళిలా ఉంటుంది. కోట లోపలి రైడ్‌కీ, హాగ్రిడ్ మోటారుసైకిల్ రైడ్‌కీ 48 అంగుళాలు కావాలి. గ్రింగాట్స్ బ్యాంకు రైడ్‌కి 42 చాలు. హాగ్రిడ్ రైడ్ 2019 జూన్‌లో తెరిచిన రోజున జనం పది గంటలు నిలబడ్డారు. ఇప్పుడంత లేదు కానీ పొద్దున్నే వెళ్లడం మేలు. మంత్రదండం కొంటే వీధిలో గుర్తు పెట్టిన చోట్ల తిప్పి నీళ్లు చిమ్మించొచ్చు, బొమ్మల్ని ఆడించొచ్చు. 60 డాలర్ల పైమాటే. కానీ మేనకోడలు రోజంతా దాంతోనే గడిపింది, గంటకి లెక్కేస్తే బావ కత్తికన్నా చవక. బటర్‌బీర్‌లో మద్యం ఉండదు, పేరు చూసి పెద్దవాళ్లు కంగారు పడక్కర్లేదు. తీపి మాత్రం జిలేబీ పాకంలా ఉంటుంది, ఒక్క కప్పు ముగ్గురికి సరిపోతుంది.

యూనివర్సల్‌లోకి బయటి తిండి విషయంలో డిస్నీ అంత ఉదారం కాదు. నీళ్ల సీసా, చిన్న చిరుతిళ్లు, పసిపిల్లల ఆహారం, ఆరోగ్యరీత్యా కావాల్సినవి రానిస్తారు. భోజనాల క్యారియరు కుదరదు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు ముందే చూసుకోవాలి.

ఎపిక్ యూనివర్స్: కొత్తదనం ఎక్కువ, నీడ తక్కువ

2025 మే 22న తెరిచారు. మిగతా రెండు యూనివర్సల్ పార్కులకి కొన్ని మైళ్ల అవతల ఉంటుంది, నడిచి పోలేరు. నడిమధ్య పెద్ద తోట, దాని చుట్టూ ద్వారాలు. ఒక్కో ద్వారంలోంచి ఒక్కో లోకం. నింటెండో వీడియోగేములు, పోటర్ కథలోని మాయా మంత్రిత్వ శాఖ, డ్రాగన్ల బెర్క్ దీవి, భూతాల డార్క్ యూనివర్స్.

అభిమానుల గొడవ ఇక్కడ ఇంకా వేడిగానే ఉంది. పోటర్ వాళ్ల ఫిర్యాదు ఏమిటంటే, వీధి పారిస్‌ది, అంటే పోటర్ సినిమాలంత ఆడని ఫెంటాస్టిక్ బీస్ట్స్ సినిమాలది, రైడేమో లండన్ మంత్రిత్వ శాఖది. ఒక ల్యాండ్‌లో రెండు కాలాలు, రెండు ఊళ్లు. మేనకోడలు కూడా ముఖం చిట్లించింది, ఆ రైడ్ లైనులోకి వెళ్లేదాకా. ఆ హాలు నల్ల పలకలతో, కళ్లు పైకెత్తితే మెడ నొప్పెట్టేంత ఎత్తు. అమ్మ "మన సెక్రటేరియట్ కూడా ఇంత లేదు" అంది. లైనే రైడ్ కన్నా బాగుంది అంటే చాలామంది ఒప్పుకోరు, నేను అంటాను. 40 అంగుళాలు.

నా వాదనకి అసలు బలం డార్క్ యూనివర్స్ నుంచి వచ్చింది. 1930ల నాటి నలుపు తెలుపు భూతాల సినిమాలు దానికి ఆధారం. ఫ్రాంకెన్‌స్టైన్ 1931లో వచ్చింది. ఆ రోజు లైనులో మా ముందూ వెనకా నిలబడ్డ పిల్లల్లో ఒక్కరైనా అది చూసి ఉంటారనుకోను. అయినా ఆ ఫ్రాంకెన్‌స్టైన్ రైడ్ నుంచి అందరూ అరుచుకుంటూ, నవ్వుకుంటూ వచ్చారు. ఈ సినిమాకి ల్యాండ్ ఎందుకు అనేవాళ్లు ఒకసారి అక్కడ నిలబడాలి. 48 అంగుళాలు, గుండె దిటవు ఉన్నవాళ్లకే.

మేనల్లుడికి బెర్క్ దీవి స్వర్గం. వింగ్ గ్లైడర్స్ రోలర్ కోస్టర్‌కి 40 అంగుళాలు చాలు, పడవల్లో ఒకరి మీద ఒకరు నీళ్లు చిమ్ముకునే ఆట ఉంది, డ్రాగన్ని దగ్గరగా చూడొచ్చు. పండోరాలో చిన్నబోయిన ముఖం ఇక్కడ విప్పారింది. అక్క మాత్రం రోజంతా గొడుగు దించలేదు. చెట్లు ఇంకా చిన్నవి, నడవాల్సిన దూరాలు పెద్దవి. ఈ నీడ సంగతి అభిమానులంతా ఒప్పుకునే ఒకే ఒక్క మాట అనుకుంటాను. టికెట్ తెరిచిన ఏడాది తేదీని బట్టి 139 నుంచి 199 డాలర్ల దాకా ఉండేది. డెబ్బై దాటిన వాళ్లని వేసవిలో ఇక్కడికి తీసుకెళ్తే, వీల్‌చైర్ గేటు దగ్గరే అద్దెకి తీసుకోండి, మొహమాటపడకుండా.

ఇప్పుడే వెళ్లాలా, ఆగాలా

ఈ ప్రశ్న ఇప్పుడు తరచు వింటున్నాను. డిస్నీవాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో నది, దాని మధ్య టామ్ సాయర్ దీవి 2025 జూలైతో మూతపడ్డాయి. ఆ చోట కార్స్ సినిమా పేరుతో కొత్తది కడుతున్నారు. 1971 నుంచి ఉన్న నదిని పూడ్చి కార్లు తిప్పుతారా అని పాత అభిమానులు మండిపడ్డారు. నాకూ కాస్త బాధే, ఆ దీవి మీద కూర్చుంటే పార్కు రొద వినబడేది కాదు. కానీ కాలిఫోర్నియాలో 2012లో తెరిచిన కార్స్ ల్యాండ్ చూసినవాణ్ణి. సాయంత్రం నియాన్ దీపాలు వెలిగే వేళ ఆ వీధిలో నిలబడితే, పిక్సార్ సినిమాల్లో ఇది గొప్పదా కాదా అన్న సంగతే గుర్తుకురాదు. యానిమల్ కింగ్‌డమ్‌లో కూడా పాత డైనోసార్ల ప్రాంతం తీసేసి ఎన్‌కాంటో, ఇండియానా జోన్స్ సినిమాలతో కొత్తది 2027లో తెస్తామన్నారు. నా సలహా ఆగొద్దనే. ల్యాండ్ తెరిచిన మొదటి ఏడాది అమ్మానాన్నల్ని తీసుకెళ్లే ఏడాది కాదు, లైనుల్లోనే అలిసిపోతారు.

బే ఏరియా, లాస్ ఏంజిలిస్ వాళ్లు ఇంతదూరం రానక్కర్లేదు. స్టార్ వార్స్, కార్స్ ల్యాండ్ ఆనహైమ్‌లో, హాగ్స్‌మీడ్, నింటెండో యూనివర్సల్ హాలీవుడ్‌లో ఉన్నాయి. పండోరా, డయాగన్ ఆలీ మాత్రం అక్కడ లేవు.

మరి ఒక్క రోజే ఉంటే? పెద్దవాళ్లూ, ఆరేళ్ల లోపు పిల్లలూ ఉంటే, చలికాలమైతే పండోరా. యానిమల్ కింగ్‌డమ్ టికెట్ డిస్నీ నాలుగు పార్కుల్లోనూ చవక, పైగా అక్కడ నిజం ఏనుగులూ జిరాఫీలూ ఉన్నాయి. వేసవి అయితే డయాగన్ ఆలీ, రెండు పార్కుల టికెట్‌తో. ఇంట్లో పిల్లలంతా 48 అంగుళాలు దాటి, అమ్మానాన్నలు ఇండియాలోనే ఉంటే ఎపిక్. స్టార్ వార్స్ ల్యాండ్‌కి ఇంట్లో కనీసం ఒక్కరైనా బావ లాంటివాళ్లు ఉంటేనే వెళ్లండి, లేకపోతే నిజంగానే బస్టాండే. మూడేళ్ల లోపు వాళ్లకి ఎక్కడా టికెట్ లేదు, ఆ లెక్కకి పుట్టినరోజుకి ముందే వెళ్లడం మనవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

అమ్మ డిసెంబరు మొదట్లో తిరిగి వెళ్లాలి. నవంబరు చివర్లో ఇంటి గోడ మీద పెన్సిల్ గీత 44 దాటి పావు అంగుళం పైకొచ్చింది. ఒక్కరోజుకి, ఒక్క పండోరాకి మళ్లీ బయల్దేరాం. మేనల్లుడు కర్ర కింద గడ్డం ఎత్తి నిలబడి, పాసయ్యాక వెనక్కి కూడా చూడకుండా లోపలికి పరుగెత్తాడు. వాడు రైడ్ దిగి వచ్చేసరికి చీకటి పడింది. నేలలో చుక్కలు చుక్కలుగా నీలం, ఆకుపచ్చ వెలుగు. అమ్మ ఆగి, వంగి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. "ఇంత వెలుగు మీద చెప్పులతో ఎలా నడుస్తాంరా" అంది. పార్కు అమ్మాయి వచ్చి నవ్వుతూ వేసుకోమనేదాకా అలాగే నడిచింది.